దయ మాత్రము చాలునా?

ఒక వర్తకుని ఇంటిని ఊహించుకొనుడు. ముందు దుకాణము, వెనుక నివాసము. ఊరు బళ్లారి కావచ్చును, బరంపురము కావచ్చును, షోలాపురము కావచ్చును. కొన్ని తరముల క్రిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము. పెద్దకుమార్తెను చూచుటకు పెండ్లివారు వచ్చుచున్నారు. ఇల్లంతయు కడిగి, జంపఖానాలు పఱచి, ఫలహారములు సిద్ధము చేసినారు. పెండ్లివారి కారు వీథి మలుపు తిరుగునప్పటికి తల్లి తన కుమారుని చేయి పట్టుకొని వెనుకగదికి తీసికొనిపోయి, “నాన్నా, కాసేపు ఇక్కడ కూర్చో. నేను పిలిచాక వద్దువుగాని” అని తలుపు చేరవేయును. అతనికి పదునెనిమిదేండ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు. క్రొత్త చొక్కా తొడిగికొని, వచ్చినవారికి మంచినీళ్లు తానే ఇచ్చెదనని ప్రొద్దుటినుండి ఎదురుచూచినవాడు. పిలుపు రాదు. పెండ్లివారు వెళ్లిన తరువాత మిఠాయి మాత్రము వెండిపళ్లెములో అతని యొద్దకు వచ్చును.

ఈ ఇంటివారు క్రూరులు కారు. అతనికి మంచి తిండి, మంచి బట్ట, జ్వరము వచ్చినచో మంచి వైద్యుడు, అన్నియు కలవు. ఎవరును అతనిపై చేయి చేసికొనరు. అతని పేర ప్రతి సంవత్సరము అన్నదానము కూడ జరుగును. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఆ కుటుంబము అతనియెడల తన ధర్మమును పూర్తిగా నెరవేర్చినదా? అతనికి ఆ ఇంటివారు చూపవలసినది దయయేనా, లేక అతనికి చెందినదేదో ఇంకను వారి చేతనే నిలిచియున్నదా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు, అసలీ స్థితి ఏమిటో తెలిసికొనుట మంచిది. తెలియకపోవుటవలననే సగము భయము పుట్టుచున్నది.

డౌన్ అనునది ఒక ఇంటిపేరు. ఇంగ్లీషులో ఆ మాటకు “క్రింద” అను అర్థముండుటచే, ఇది తక్కువవారికి పెట్టిన పేరని చాలమంది పొరబడుదురు. అది నిజము కాదు. జాన్ లాంగ్డన్ డౌన్ అను వైద్యుడు ఇంగ్లండులో ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమమున పనిచేయుచు, 1866లో ఈ లక్షణములను మొదట వివరముగా వర్ణించెను. ఆయన అప్పుడు వాడిన మాట ఒక జాతిపేరును అవమానించునది. మంగోలియా దేశపు ప్రతినిధుల కోరికపై 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను విడిచిపెట్టినది. అటుపిమ్మట వైద్యుని పేరే స్థిరపడినది. ఆయన మరణించిన కొన్ని యేండ్లకు, 1905లో, ఆయన మనుమడొకడు ఇదే స్థితితో పుట్టెను. ఇది ఎవరి ఇంటి గడపనైనను త్రొక్కగలదనుటకు అంతకన్న సాక్ష్యము వేరే అక్కఱలేదు.

కారణము 1959లో తెలిసినది. పారిస్ నగరమున జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమండ్ టర్పిన్ అనువారు, ఈ పిల్లల కణములలో 46కు బదులు 47 క్రోమోజోములు ఉన్నవని వెల్లడించిరి. 21వ క్రోమోజోము రెండు ప్రతులకు బదులు మూడు ప్రతులుండును. అందుచేతనే మూడవ నెల 21వ తేదీని, అనగా మార్చి 21ని, ఈ విషయమునకై ప్రత్యేకించినారు. 2012 నుండి ఐక్యరాజ్యసమితి ఆ దినమును పాటించుచున్నది. ఇట్లు పుట్టువారు ప్రపంచమున ఇంచుమించు వేయిమందికి ఒకరు. ధనిక పేద భేదము గాని, కులమత భేదము గాని, దేశభేదము గాని లేదు.

గ్రహణము నాడు బయటకు వచ్చుటవలన ఇట్లు జరుగదు. తల్లి తిన్న ఆహారము వలనను జరుగదు. ఎవరి దిష్టియు కారణము కాదు. తల్లి వయస్సు ముప్పదియైదు దాటినచో అవకాశము హెచ్చును గాని, మొత్తముమీద ప్రసవములలో ఎక్కువ భాగము చిన్నవయస్సు తల్లులవే గనుక, ఈ పిల్లలలో ఎక్కువమంది అట్టి తల్లులకే పుట్టుచున్నారు. నూటికి సుమారు తొంబదియైదు సందర్భములలో ఇది కణవిభజనలో కలిగిన పొరపాటే తప్ప వంశమున వచ్చునది కాదు. నూటికి మూడు నాలుగు సందర్భములలో మాత్రము క్రోమోజోము అతుకు వలన కలుగును. అట్టివానిలో కొన్ని తల్లినుండి గాని తండ్రినుండి గాని వచ్చును. అది ఏ రకమో రక్తపరీక్షతో తెలియును. కావున తమ్ముడు ఇట్లున్నాడని అక్క పెండ్లికి జంకుట చాలవఱకు ఆధారములేని జంకు. అనుమానమున్నచోట పరీక్ష చేయించుకొనవచ్చును. దానికొఱకు ఒక మనిషిని గదిలో దాచవలసిన పనిలేదు.

ఇక రెండవ భయము పూర్వకర్మమును గూర్చినది. “ఏ జన్మలో ఏమి చేసికొన్నాడో” అను మాట సానుభూతితోనే పలుకుదురు. కొన్ని ఇండ్లలో ఆ మాట తల్లిమీదికి మరలును. కాని కర్మసిద్ధాంతము ఎందుల కేర్పడినది? మనుష్యుడు తన నడతను తాను పరీక్షించుకొనుటకు. తన చేతిలోని దీపముతో తన దారి చూచుకొనవలెను గాని, ఎదుటివాని ముఖముమీద దానిని పట్టి అతని లోపములను లెక్కించుట దీపమునకు తగిన వినియోగము కాదు. ఒకని కష్టమునకు పూర్వకారణమేదైనను, ఆ కష్టమును చూచి నేడు ఎట్లు నడచుకొన్నారన్నది చూచువారి ఖాతాలోనే పడును. అతని గతమును విచారించి తమ కర్తవ్యమును తగ్గించుకొనుటకు ఎవరికిని అధికారము లేదు.

జ్ఞానమునకు ఆవరణ కలదని జైనశాస్త్రము చెప్పును. అయితే ఆ ఆవరణ సర్వజ్ఞులకు దప్ప తక్కిన వారందఱికిని కలదనియు అదే శాస్త్రము చెప్పును. పదునాలుగు భాషలు వచ్చిన పండితునకును, కోట్ల వ్యాపారము నడపు సేఠునకును కలదు. కావున ఆ పిల్లవానికిని తక్కినవారికిని గల భేదము తరతమ భేదమే గాని జాతిభేదము కాదు.

“ఇతని వలన ఉపయోగమేమి?” అను మాట పైకి అనకున్నను, లెక్కలతో జీవించు ఇంటిలో మనసున మెదలుట సహజము. ఇక్కడ ఒక పదమును గమనింపవలెను. వాడుకలో ఉపయోగమనగా ప్రయోజనము, లాభము. జైనదర్శనములో ఉపయోగమనగా వేఱు. అది జీవుని లక్షణము. చూచునట్టి, తెలిసికొనునట్టి చైతన్యవ్యాపారము. ఒక్క ఇంద్రియము మాత్రమే గల జీవునకు సైతము అది కలదని చెప్పి, ఆ జీవునకు హాని కలుగకుండ అడుగు తీసి అడుగు వేయుమన్న ధర్మమిది. తల్లి కంటతడి పెట్టినచో తన చొక్కా చెఱగుతో తుడుచు కుమారునిలో ఆ ఉపయోగము లేదని ఎవరనగలరు? అంగడి ఉపయోగముతో జీవుని తూచినచో, తూకపురాయియే తప్పు.

ఈ తప్పు తూకము ఎంతదూరము పోగలదో చరిత్ర చూపినది. జర్మనీలో నాజీ ప్రభుత్వము 1939లో ఆరంభించిన ఒక రహస్య పథకమునందు, పనికిరానివారని వైద్యులు కాగితముమీద గుర్తుపెట్టిన మనుష్యులను చంపించిరి. 1941 ఆగస్టులో ఆ పథకము పైకి నిలుపబడునాటికే డెబ్బదివేలకు మించి ప్రాణములు పోయినవి. వారిలో బుద్ధిమాంద్యము గలవారు, మానసిక వ్యాధిగ్రస్తులు, అంగవైకల్యము గలవారు ఉండిరి. పిల్లలను చంపుటకు వేఱొక ఏర్పాటు జరిగినది. ఆ వైద్యులు ఆ పనికి చూపిన కారణములలో లెక్కలు కూడ ఉండెను. ఒక్కొక్కని పోషణకు దినమునకెంత, ఆదా యెంత అని. మనుష్యుని విలువను ప్రయోజనముతో కొలుచుట మొదలిడినచో, ఆ కొలత ఎక్కడ ఆగవలెనో చెప్పగలవారుండరు.

ఈ పిల్లలు ఏమియు సాధింపలేరన్న మాటయు నిజము కాదు. స్పెయిన్ దేశమున పాబ్లో పినేడా విశ్వవిద్యాలయ పట్టము పొందెను. ఆ దేశముననే మార్ గల్సెరాన్ 2023లో వలెన్సియా ప్రాంతీయ శాసనసభలో సభ్యురాలయ్యెను. ఇవి సంతోషింపదగినవి. అయితే వాదమును వీటిమీద నిలుపరాదు. అందఱును పట్టభద్రులు కాలేరు. కొందఱికి అంకెలు పట్టుబడవు, కొందఱికి మాట స్పష్టముగా రాదు, కొందఱికి జీవితమంతయు తోడు కావలెను. పట్టము పొందినవానికి గౌరవము, పొందనివానికి వెనుకగది అన్నచో తిరిగి అంగడి తూకమే వచ్చినది. అదే ఇంటిలో తొంబదియేండ్ల తాతగారు గద్దెమీద కూర్చుండును. ఆయనకు లెక్కలు మఱచిపోయి చాలకాలమైనది. వచ్చినవారి పేర్లు గుర్తులేవు. అయినను పెండ్లివారు రాగానే ముందుగా ఆయన పాదములకు నమస్కరింతురు. బుద్ధి తగ్గినంతమాత్రమున మనిషి తగ్గడని ఆ ఇంటివారికి తెలియును. తాతగారియెడ తెలిసినది మనుమని యెడ మఱచినారు.

ముసలి ఆవులను, కుంటి గుఱ్ఱములను పోషించు పాంజరాపోళ్లకు తరతరములుగా విరాళములిచ్చిన సంఘములివి. ఆ దయ చిన్నది కాదు. కాని మనుష్యునకు మేతయు నీడయు చాలవు. అతనికి పేరు కావలెను, పంక్తిలో చోటు కావలెను, తన మాట వినువారు కావలెను. దయ ఇచ్చువాని చేతిలో ఉండును. చేయి మాఱినచో దయ మాఱును. తల్లియున్నంతకాలము వెండిపళ్లెము. ఆమె తరువాత వదిన. ఆమె మంచిదైనచో సరి. ఆ తరువాత వదినగారి కోడలు. హక్కు అట్టిది కాదు. ఇచ్చువారి మనసు ఎట్లున్నను అది నిలుచును. ప్రాతబాకీ తీర్చిన వర్తకుడు తాను దానము చేసితినని చెప్పుకొనడు. ఇతనికి ఇవ్వవలసినదియు అట్టిదే.

న్యాయశాస్త్రము ఈ సంగతిని చాల ఆలస్యముగా ఒప్పుకొన్నది. పూర్వపు హిందూ న్యాయమున పుట్టుకతో బుద్ధిమాంద్యము గలవానికి దాయభాగము లేదు. పోషణ మాత్రము కలదు. అనగా నేటి వెనుకగదియే నాటి చట్టము. 1928లో వచ్చిన చట్టము గ్రుడ్డివారు, కుంటివారు మొదలైనవారి అనర్హతను తొలగించినను, పుట్టుకతో బుద్ధిమాంద్యము గలవారిని అట్లే వెలుపల ఉంచినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 28వ విభాగము ఆ గోడను పడగొట్టినది. రోగమువలన గాని, లోపమువలన గాని, అంగవైకల్యమువలన గాని ఎవరును వారసత్వమునకు అనర్హులు కారని శాసించినది. ఈ చట్టము జైనులకును వర్తించును. తండ్రి వీలునామా వ్రాయక కాలము చేసినచో, అన్నకెంత వాటాయో ఇతనికిని అంతే. అక్కకును అంతే.

2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించినది. భారతదేశము 2007లో దానిని ధ్రువపఱచినది. దాని ననుసరించి 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. బుద్ధిమాంద్యము అందు చేరినది. ఆస్తి కలిగియుండుటకు, వారసత్వమున పొందుటకు, తన ధనవ్యవహారములు తాను చూచుకొనుటకు ఇతరులతో సమానమైన హక్కు కలదని 13వ విభాగము చెప్పును. నలువది శాతము గాని అంతకు మించి గాని వైకల్యము గల బాలబాలికలకు ఆఱు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు ఉచిత విద్య హక్కు. అది సమీపమున నున్న బడిలో కావచ్చును, వారు కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో కావచ్చును. నలుగురిలో బుద్ధిపూర్వకముగా అవమానించుట శిక్షార్హమైన నేరము.

ఇక్కడ అనుభవజ్ఞులు ఒక ఆక్షేపణ చెప్పుదురు. “ఆస్తి అతని పేర పెట్టినచో ఎవడో వచ్చి సంతకము చేయించుకొని పోవును. హక్కు ఇచ్చి అతనిని తోడేళ్లకు అప్పగించుటయా?” ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. అట్టి మోసములు జరుగును, కొన్నిచోట్ల దగ్గఱివారే చేయుదురు. కాని మోసమునకు మందు రక్షణయే గాని, హక్కును తీసివేయుట కాదు. సంతలో దొంగలున్నారని వర్తకుడు సరకును కాల్చివేయడు, తాళము వేయించును. అట్టి తాళములు చట్టములో కలవు. 2016 చట్టము పరిమిత సంరక్షకత్వమును ఏర్పఱచినది. సంరక్షకుడు అతనితో కలిసి, పరస్పర విశ్వాసముతో, ఫలానా నిర్ణయమునకు, ఫలానా కాలమునకు మాత్రమే తోడుండును. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక సంఘములు సంరక్షకులను నియమించును. తల్లిదండ్రులు బ్రతికియుండగనే ఈ పని చేయించుకొనవచ్చును. ఆ ట్రస్టువారి నిరామయ పథకమున లక్షరూపాయల వఱకు వైద్యబీమా కలదు. అతని వాటాకు ఒక ట్రస్టు వ్రాసి, కుటుంబమునకు వెలుపలివానినొకనిని అందు చేర్చుట మఱింత క్షేమము. లక్షల సరకునకు ముందుచూపుతో బీమా చేయు ఇండ్లలో ఈ కాగితము మాత్రము వాయిదా పడుచుండును. ఎందులకనగా, ఆ కాగితము వ్రాయుటయనగా తాము ఒకనాడు ఉండమని ఒప్పుకొనుట. తల్లిదండ్రుల కది కష్టము. అయినను అది వారు మాత్రమే చేయగలిగిన మేలు.

చట్టము ఇంటి గుమ్మము వఱకే వచ్చును. లోపల చేయవలసినది ఇంటివారే చేయవలెను. పుట్టినవెంటనే గుండెపరీక్ష చేయించవలెను. ఈ పిల్లలలో సుమారు సగముమందికి గుండెలోపముండును. చాలవఱకు శస్త్రచికిత్సతో బాగగును. థైరాయిడు, వినికిడి, చూపు అప్పుడప్పుడు పరీక్షింపవలెను. అమెరికాలో 1983 ప్రాంతమున వీరి సగటు ఆయువు సుమారు 25 ఏండ్లు. నేడు సుమారు 60. మనుష్యులు మాఱలేదు, వారికి వైద్యము చేయవలెనన్న నిశ్చయము మాఱినది. కండరములు మెత్తగా నుండుటచే నడక, మాట ఆలస్యమగును. పలుకగలిగినదానికన్న గ్రహింపగలిగినది ఎక్కువ. విన్నదానికన్న చూచినది బాగుగ పట్టుబడును. కావున మొదటి నెలలనుండియే తగిన శిక్షణ ఆరంభింపవలెను. 1984లో సికింద్రాబాదున స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గలవారికొఱకే పనిచేయుచున్నది. 2013లో ఆరంభమైన బాలల ఆరోగ్య పథకమున ప్రభుత్వ జిల్లా కేంద్రములలోను ఇట్టి సహాయము లభించును.

పెద్దయైన తరువాత పని. దుకాణమున బట్టలు మడతపెట్టుట, ధరచీట్లు అంటించుట, పొట్లములు కట్టుట, వచ్చినవారికి మంచినీళ్లిచ్చుట మొదలగునవి ఓపికతో పలుమాఱులు చేసిచూపినచో చాలమంది నేర్తురు. నేర్చినపని ప్రతిదినము ఒకేరీతిగ చేయుదురు. అయితే అది కాలక్షేపమని తలంపరాదు. పనివానికి జీతము చెల్లవలెను. అది అతని పేర బ్యాంకులో పడవలెను. అందుండి అతడు తన చేతితో తీసి, తనకిష్టమైనది కొనుక్కొనవలెను. ఎంపిక తప్పు కావచ్చును. తప్పుకొనుగోలు చేయని వర్తకుడు ఏ ఊరిలోను లేడు.

ఈ భారమంతయు తల్లిమీదనే వేయుట మఱొక అన్యాయము. ఇరువదియేండ్లుగా ఏ పెండ్లికిని పోని తల్లులు కలరు. అతని హక్కును ఒప్పుకొన్న సంఘము ఆమె అలసటను కూడ పంచుకొనవలెను. వారమునకొక పూట పినతండ్రియో మేనత్తయో అతనిని తమ ఇంటికి తీసికొనిపోవుట పెద్ద విషయము కాదు. పాఠశాలలో అతని కొక చోటు, గుడిలో పూజచేయునప్పుడు అతని చేతికొక పుష్పము, పంక్తిలో అతనికొక విస్తరి, ఇవి ఖర్చులేని పనులు.

సంఘములు కొన్ని సంవత్సరములకొకమాఱు కుటుంబముల పట్టిక అచ్చు వేయుచుండును. యజమాని, భార్య, కుమారులు, కుమార్తెలు, వారి చదువు, వ్యాపారము. ఆ పట్టిక నింపి పంపునప్పుడు కొన్ని ఇండ్లలో ఒక పేరు వ్రాయకుండ విడిచిపెట్టుచున్నారు. సంబంధములు చెడునని భయము. ఇట్లు ఒక మనిషి బ్రతికియుండగనే తన వంశపు లెక్కనుండి కొట్టివేయబడుచున్నాడు. చేసినవారు ఏ కీటకమునకును హాని తలపెట్టనివారు.

పర్యూషణ, దశలక్షణ పర్వముల ముగింపున క్షమాపణ దినము వచ్చును. ఆనాడు వర్తకుడు తన బాకీదారులను, పోటీదారులను, పాలివాండ్రను, పనివాండ్రను, కనబడిన జీవులను, కనబడని జీవులను, అందఱిని క్షమింపుమని వేడును. దూరదేశములకు కబురు పంపును. వెనుకగదిలోనున్న కుమారుని యొద్దకు పోయి ఆ మాట అన్నవారెందఱు? అతనికి అర్థము కాదని అనుకొందురు. పెండ్లివారు వచ్చినదినమున తలుపు చేరవేయుట అతనికి అర్థమైనది. మంచినీళ్ల గ్లాసు తన చేతిలోనే మిగిలిపోవుట అర్థమైనది. ఈ మాటయు అర్థమగును.

ఈ యేడు క్షమాపణ దినమున ఆ ఇంటి పెద్దలు మొదట ఆ గదికి పోవుదురుగాక. తరువాత పట్టిక తెప్పించి, పుట్టిన వరుసలోనే, అతని పేరు వ్రాయుదురుగాక. మరల పెండ్లివారు వచ్చునాడు మంచినీళ్లు అతని చేతనే ఇప్పింతురుగాక. ఆ గ్లాసు అందుకొనుటకు వెనుదీయు సంబంధము తప్పిపోయినచో, ఆ ఇంటి ఆడపిల్లకు అది నష్టము కాదు.